వదినతో లోయలోకి

మా వదిన పోయారన్న కబురు నాకు ఒక ఆదివారం పొద్దున్న అందింది. మా అత్తగారికి ఒళ్ళు తుడిచి, మంచం మీద దుప్పటి మారుస్తున్నాను. వంటింట్లో ఫోను మోగి ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది. వరుసగా రెండుసార్లు చేసే అలవాటు మా అన్నయ్యకు లేదు. ఫోను మీద పేరు చూడగానే సంగతి అర్థమైంది.

"అమ్మా, మీ వదిన వెళ్ళిపోయారు," అన్నారు అన్నయ్య. వెనక రొయ్యల చెరువు మీద మోటార్లు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. "నెమ్మదిగానే రా. తొందరేం లేదు," అని పెట్టేశారు.

తొందర లేదన్నది నిజమే. ఏడాదిగా ఆవిడ ఊపిరి కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఈ ఫోను ఒక రోజు వస్తుందని మా అందరికీ తెలుసు. తణుకులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఏడుపు రాలేదు, నిద్ర వచ్చింది. చెప్పుకుంటే బాగుండదేమో గానీ, భీమవరం దాకా తల కిటికీకి కొట్టుకుంటూ నిద్రపోయాను. వదిన బతికి ఉండి చూస్తే, తన చున్నీ మడతపెట్టి నా తల కింద పెట్టి ఉండేవారు.

ఇంటికి వెళ్ళేసరికి వదినను హాల్లో పడుకోబెట్టారు. కాళ్ళకు పసుపు రాస్తున్న మా పెద్దమ్మగారు నన్ను దగ్గరకు పిలిచి నెమ్మదిగా అడిగారు.

"ఈ గోళ్ళేంటమ్మా ఇలా ఉన్నాయి? బొటనవేలి గోరు చూడు, ఊడి మళ్ళీ వంకరగా మొలిచినట్టుంది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

అది దెబ్బ కాదు. బరువు వీపున వేసుకుని కొండ దిగేటప్పుడు, అడుగడుగునా వేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకుంటాయి. ముందు గోరు నల్లబడుతుంది, తర్వాత ఊడుతుంది. అడవిలో నడిచేవాళ్ళందరికీ అది మామూలే. ఈ మాట పెద్దమ్మగారికి చెప్పాలంటే ఎక్కడినుంచో మొదలుపెట్టాలి. ఆ రోజు నాకు అంత ఓపిక లేదు. "అవునండి, దెబ్బే," అన్నాను. ఇప్పుడు కాస్త తీరిక చేసుకుని, అసలు సంగతి మీకు చెబుతున్నాను.

*

మా వైపు నేలంతా బల్లపరుపుగా ఉంటుంది. ఎక్కడ నిలబడినా వరిచేలు, రొయ్యల చెరువులు, కాలవలు. ఎత్తు అంటే మాకు కాలవ మీది వంతెన, మేడ మీది నీళ్ళ ట్యాంకు. అలాంటి ఊళ్ళో పుట్టి, అలాంటి ఊరికే కోడలిగా వచ్చిన మనిషి మా వదిన. ఆవిడ మా ఇంటికి వచ్చేటప్పటికి నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మా ఇళ్ళల్లో భార్యాభర్తలు, వదినా మరదళ్ళు కూడా ఒకరినొకరు మీరు, అండి అనుకోవడం అలవాటు. నా కంటే ఎంతో పెద్దవారైనా, ఆడపడుచునని నన్ను చివరిదాకా చిన్నమ్మాయిగారూ అనే పిలిచారు.

మా నానమ్మ గుడికి వెళ్ళాలన్నా బండికి తెర కట్టేవారట. వదిన కాలానికి తెరలు పోయాయి. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తారు అనే ప్రశ్నలు మాత్రం పోలేదు. ఆవిడ ఆ ప్రశ్నలతో ఎప్పుడూ తగాదా పడలేదు. అడిగినవాళ్ళకు ఓపిగ్గా జవాబు చెప్పి, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళేవారు.

యాభై ఏళ్ళు దగ్గర పడుతుండగా షుగర్ వచ్చింది. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. కాలవ గట్టు మీద నడక మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు అది విసుగనిపించింది. "ఎంత నడిచినా ముందు ఏముందో ఇంటి దగ్గరే కనపడిపోతుంది, చిన్నమ్మాయిగారూ," అన్నారు నాతో ఫోనులో. రాజమండ్రిలో ఆవిడతో కలిసి చదువుకున్న స్నేహితురాలు ఒకావిడ ఉన్నారు. వాళ్ళు కొంతమంది కలిసి నెలకోసారి మారేడుమిల్లి అడవుల్లో నడుస్తారని, పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి వచ్చేస్తారని ఆవిడ చెప్పారు. వదిన ఆ మాట అన్నయ్య చెవిన వేశారు.

"అడవిలో ఏముందండీ?" అన్నారట అన్నయ్య.

"ఏముందో చూసొచ్చి చెబుతాను."

అన్నయ్య కాసేపు ఆలోచించి, "ఒక్కరే వెళ్ళొద్దు. చెల్లాయిని తీసుకెళ్ళండి," అన్నారట.

అలా నన్ను కాపలాకి పెట్టారు. నేను తణుకులో హైస్కూల్లో హిందీ చెబుతాను. అప్పటికే మా అత్తగారు మంచాన పడ్డారు. పొద్దున్నే ఆవిడ పనులు, తర్వాత బడి, సాయంత్రం మళ్ళీ ఆవిడ పనులు. ఆదివారం అనేది నాకు బట్టలు ఉతికే రోజు మాత్రమే. నావల్ల కాదన్నాను.

"నాకు ఓపిక లేదండి, వదినగారూ. దొరికే ఒక్కరోజూ పడుకోనివ్వండి."

"మీరు అలిసిపోయి ఉన్నారని నాకు తెలుసు," అన్నారు వదిన. "ఇది పడుకుంటే పోయే అలసట కాదు. పడుకుని చూశారుగా."

ఆ ఒక్కరోజు అమ్మను తను చూసుకుంటానన్నారు మా ఆయన. వెళ్ళాను.

*

రాజమండ్రి నుంచి వ్యానులో బయల్దేరి, రంపచోడవరం దాటి, ఘాట్ రోడ్డు మీద ఒక మలుపు దగ్గర దిగాం. రోడ్డు పక్కనుంచి ఒక సన్నటి కాలిబాట లోయలోకి దిగుతోంది. రెండు వైపులా నిటారుగా కొండలు, అడుగున ఎక్కడో వాగు చప్పుడు. నీళ్ళు కనపడవు. వెదురు పొదలు, టేకు చెట్లు, పాచిపట్టిన బండలు. మావైపు మనుషులకు ముందుచూపు తప్ప కిందిచూపు ఉండదు. చేలగట్టు మీద కళ్ళు మూసుకునైనా నడుస్తాం. ఇక్కడ ప్రతి అడుగూ చూసి వేయాలి. పావుగంటలో నేను చేతికందిన కొమ్మనల్లా పట్టుకోవడం మొదలుపెట్టాను.

వదిన అన్నయ్య పాత ఫుల్ చొక్కా ఒకటి తొడుక్కుని, కింద ట్రాక్ ప్యాంటు వేసుకుని వచ్చారు. ఆ రెండూ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు సంచిలో ఉన్నాయి. వ్యానెక్కాక స్నేహితురాలి ఇంటి దగ్గర ఆగి మార్చుకున్నారు. తర్వాత్తర్వాత అన్నయ్యే, "ఈ చొక్కా పాతబడింది, కొండకి పనికొస్తుందేమో చూడండి," అని తీసి పక్కన పెట్టేవారు. వాటిలో కొన్ని పాతబడలేదని నాకూ తెలుసు, వదినకూ తెలుసు.

అందరికంటే వెనక నడిచేవారు ఆవిడ. పడిపోతామన్న భయంతో కాదు, ఆవిడ నడకే అంత. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూస్తే చెయ్యి ఊపి, "మీరు పదండి, మేము వస్తున్నాం," అనేవారు. ముందువాళ్ళ మాటలు వినపడనంత దూరం వెనకపడ్డాక ఇక మాట్లాడేవారు కాదు. నేను ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాను. స్కూల్లో కొత్త హెడ్మాస్టరు గురించి, మా అత్తగారి మందుల గురించి. కాసేపటికి నాకే ఆయాసం వచ్చి ఆపేశాను. అప్పుడు వాగు చప్పుడు పెద్దదైంది.

కిందికి చేరాక అందరూ జలపాతం దగ్గర ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు అంత దూరం నడిచే శక్తి లేక ఒక బండ మీద కూలబడ్డాను. వదిన నా పక్కనే కూర్చుని, బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టారు. నేను చేతులు కడుక్కున్నాను. రోజంతా నా చేతులకు ఉండే డెట్టాలు వాసన ఆ నీళ్ళలో కూడా పోలేదు. ఆ సంగతి నేను అనలేదు. ఆవిడే నా చెయ్యి తీసుకుని వాసన చూసి, సంచిలోంచి ఒక నిమ్మకాయ చెక్క తీసి నా అరచేతుల్లో రుద్దారు. ఆ రోజు ఇంటికెళ్ళాక ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. కానీ చాలా నెలల తర్వాత మొదటిసారి కలల్లేకుండా నిద్రపోయాను.

తర్వాత నెల ఫోను చేసినప్పుడు నేను కాదనలేదు.

*

ఆవిడ అలవాట్లు కొన్ని చెబుతాను. వీపున బరువు మోయడం అలవాటు కావాలని, రొయ్యల మేత సంచిలో నింపుకుని కాలవ గట్టు మీద నడిచేవారు. దారిలో ఎవరో రైతు సైకిలు ఆపి, "ఏంటండీ, కూలోళ్ళు దొరకలేదా? మీరే మోస్తున్నారు," అని అడిగారట. "దొరకలేదండి, మీరొస్తారా?" అన్నారట వదిన. ఆయన నిజంగానే సంచి అందుకోబోయారని చెబుతూ చాలాసేపు నవ్వారు.

అడవికి దిబ్బరొట్టె తెచ్చేవారు. అడుగు బాగా ఎర్రగా కాల్చి, చల్లారాక ముక్కలు కోసి, గుడ్డలో చుట్టేవారు. మిగతావాళ్ళు చాక్లెట్లు, బిస్కెట్లు తెచ్చుకునేవాళ్ళు. మధ్యాహ్నానికి అందరూ ఈవిడ చుట్టూ చేరేవారు. ఎంత ఆకలేసినా ఒక ముక్క మాత్రం ఎప్పుడూ వెనక్కి తీసుకొచ్చేవారు. రోడ్డు కనపడ్డాకే అది తినేవారు.

కొత్తగా వచ్చినవాళ్ళకు ఒక మాట తప్పకుండా చెప్పేవారు. "అలిసిపోతే ముందే చెప్పండి. చివర్లో చెబితే ఎవరూ ఏం చెయ్యలేరు." మగవాళ్ళు అది విని నవ్వి ఊరుకునేవాళ్ళు. నేను మాత్రం ఆ మాట ఇంట్లో వాడుకున్నాను. ఒకరోజు మా ఆయనతో, "నేను అలిసిపోయానండి. మీ అక్కయ్యగారిని నెలకు వారం రోజులు వచ్చి అత్తయ్యగారిని చూసుకోమనండి," అన్నాను. అంతకుముందు అన్నేళ్ళలో ఆ మాట అనలేదు. ఆయన ఆశ్చర్యపోయారు. మా వదినగారు, అంటే మా ఆయన అక్కయ్యగారు, "అడగలేదు కాబట్టి మీకు అవసరం లేదనుకున్నానమ్మా," అంటూ మర్నాడే వచ్చారు.

*

రాత్రి అడవిలో ఉండే ప్రయాణం ఒకటి జరిగింది. కార్తీకమాసం వెళ్ళాక, చలి మొదలవుతున్న రోజులు. ఫారెస్టువాళ్ళ అనుమతి తీసుకుని, గుడారాలు, దుప్పట్లు వీపున వేసుకుని, శనివారం లోయలోకి దిగాం. ఒకచోట వాగు దాటి, అవతలి ఒడ్డున ఇసుక దిబ్బ మీద గుడారాలు వేసుకున్నాం. ఆదివారం మధ్యాహ్నానికి మళ్ళీ వాగు దాటి పైకి వచ్చేయాలి. శనివారం దాటేటప్పుడు నీళ్ళు చీలమండలు కూడా మునగనంతే ఉన్నాయి.

ఆ రాత్రి మాకు పడింది నాలుగు చినుకులే. పైన కొండల్లో మాత్రం గట్టిగా కురిసినట్టుంది. పొద్దున్న లేచేసరికి వాగు రంగు మారింది. బృందాన్ని నడిపే అబ్బాయి రాజమండ్రిలో జిమ్ నడుపుతాడు, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. నీళ్ళలోకి రెండడుగులు వేసి చూసి వచ్చాడు.

"మోకాలి లోతే ఉందండి. చేతులు పట్టుకుని వరసగా దాటేద్దాం. రేపు అందరికీ ఆఫీసులున్నాయి."

అందరూ సంచులు తగిలించుకున్నారు. వదిన తగిలించుకోలేదు.

"ఇందాక నేను పళ్ళు తోముకున్న రాయి ఇప్పుడు కనపడట్లేదు, బాబూ," అన్నారు.

"కొంచెం పెరిగిందండి, ఆంటీ. అందుకే ఇంకా పెరక్కముందే వెళ్ళిపోదాం అంటున్నాను."

"మావి వరదలు చూసిన ఊళ్ళు. ఎర్రగా వచ్చే నీళ్ళలో అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు. దాటొద్దని మీకు చెప్పే పెద్దరికం నాకు లేదు. నేను మాత్రం దాటను." అలా చెప్పి, సంచి మీదే కూర్చున్నారు.

ఎవరో వెనకనుంచి, "ఇందుకే పెద్దవాళ్ళని తీసుకురాకూడదు," అన్నారు. వినపడేలాగే అన్నారు. నాకు మొహం వేడెక్కింది. నాకూ మర్నాడు బడి ఉంది. ఇంట్లో మా ఆయన నా కోసం చూస్తుంటారు. కానీ వదిన మొహం చూస్తే, ఆవిడను లేపడం ఎవరివల్లా కాదని అర్థమైంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ స్నేహితురాలు కూడా వచ్చి కూర్చున్నారు. ముగ్గురు ఆడవాళ్ళను అడవిలో వదిలి వెళ్ళలేక ఆ అబ్బాయి తల పట్టుకున్నాడు. మిగతావాళ్ళు సణుక్కుంటూ సంచులు దించారు.

ఇంకా మధ్యాహ్నం కాలేదు. ఎగువనుంచి ఒక వెదురు పొద వేళ్ళతో సహా కొట్టుకొచ్చింది. మేము దాటాల్సిన చోట రెండు బండల మధ్య ఇరుక్కుని ఒక్కసారి గిర్రున తిరిగి, మునిగి, చాలా దూరాన పైకి తేలింది. వదిన అటు చూసి, తర్వాత చేతిలోని చున్నీ అంచు చూసుకుంటూ ఉండిపోయారు. ఆ అంచును వేలికి బిగించి చుడుతున్నారు, విప్పుతున్నారు, మళ్ళీ చుడుతున్నారు. అప్పటిదాకా ఆవిడ భయపడుతున్నారని నాకు తోచలేదు. కాసేపటికి ఆ అబ్బాయి వచ్చి ఎదురుగా గొంతుకూర్చుని, "టీ పెట్టమంటారా, ఆంటీ?" అన్నాడు.

ఆ రాత్రి కూడా అక్కడే ఉన్నాం. అందరి దగ్గరా తిండి అయిపోయింది. వదిన దగ్గర మిగిలిన దిబ్బరొట్టెను ఉన్నవాళ్ళందరికీ చిన్న చిన్న ముక్కలు చేసి పంచారు. ఆ వెనక్కి తీసుకొచ్చే ముక్క కూడా ఆ రోజు పంచేశారు. పొద్దున్న మాటన్నతను తన వంతు తీసుకుని, "క్షమించండి," అన్నాడు. "తినండి బాబూ, చల్లారిపోయినా బాగానే ఉంటుంది," అన్నారు ఆవిడ.

సోమవారం పొద్దున్నకి వాగు తగ్గింది. దాటి, పైకి ఎక్కాం. రోడ్డు అంచున అన్నయ్య నిలబడి ఉన్నారు.

ఆదివారం సాయంత్రానికి రాకపోయేసరికి, ఫోన్లు కలవక, కారు తీసుకుని ఒక్కరే వచ్చేశారట. ఈ ఘాట్ రోడ్డు మీద ఆయన అంతకుముందు ఎప్పుడూ నడపలేదు. మా వ్యాను డ్రైవరు లోయలోకి దిగే దారి చూపించాడు గానీ చీకట్లో దిగొద్దని ఆపేశాడు. రాత్రంతా ఆ అంచునే ఉన్నారు. తెల్ల ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. వదిన ఆఖరున పైకి వచ్చి, ఆయన్ని చూసి ఆగిపోయారు.

"టిఫిన్ చేశారా?" అన్నారు అన్నయ్య.

"లేదండి. మీరు?"

"నేనూ లేదు."

వాళ్ళిద్దరి మధ్యా జరిగిన మాటలు అంతే. మారేడుమిల్లిలో ఇడ్లీలు తిన్నాం. వదిన చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు అన్నయ్య ఫోను చూసుకుని జేబులో పెట్టుకున్నారు. "రాత్రి కరెంటు పోయి మోటార్లు ఆగాయట. కుర్రాళ్ళు జనరేటరు వెయ్యడం ఆలస్యమైంది. ఒక చెరువు పోయింది," అన్నారు. నెలల తరబడి పెంచిన రొయ్యలు గాలి అందక ఒక్క రాత్రిలో తేలిపోయాయి. ఆయన ఉంటే అలా జరిగేది కాదు. "మీ వదినకి చెప్పకమ్మా. ఇంకెప్పుడూ అడవికి రానంటారు."

నేను చెప్పలేదు. చాలాకాలం తర్వాత వదినే అన్నారు. "చెరువు పోయిందని ఊళ్ళోకి వెళ్ళగానే తెలిసింది నాకు. ఆయన చెప్పలేదు కాబట్టి నేను అడగలేదు." అప్పటినుంచి ఎప్పుడు వెళ్ళినా అన్నయ్యే కారులో దింపేవారు. లోయలోకి మాత్రం దిగలేదు. "నా నడక చెరువు గట్టు మీదే సరిపోతుంది," అని కారు దగ్గరే ఉండిపోయేవారు.

*

ఊపిరి ఇబ్బంది మొదట దగ్గుతో వచ్చింది. చలిగాలి అనుకున్నాం. తర్వాత మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయన్నారు డాక్టర్లు. మందులతో నెమ్మదింపజెయ్యగలం గానీ వెనక్కి తీసుకురాలేం అన్నారు. వదిన అంతా విని, "అయితే ఇప్పుడే ఒకసారి వెళ్ళొచ్చేద్దాం," అన్నారు.

ఆ చివరి నడకకు నాకు అస్సలు మనసు లేదు. అప్పటికి మా అత్తగారికి వీపున పుండ్లు పడ్డాయి. రాత్రిళ్ళు నిద్ర లేదు. కాదంటే వదిన ఏమీ అనరు. అందుకే కాదనలేకపోయాను. అన్నయ్య ఎప్పటిలాగే పైన కారు దగ్గర ఉండిపోయారు. మేమిద్దరం దిగాం. పది అడుగులు, ఆగడం. మళ్ళీ కాసిన్ని అడుగులు, ఆగడం. ఆగిన ప్రతిసారీ ఆవిడ ఒక చెట్టు మీద చెయ్యి ఆనించి, నేలకేసి చూస్తూ నిలబడేవారు. ఆవిడ ఆగినప్పుడల్లా నేను కూర్చునేదాన్ని. ఇద్దరిలో ఎవరు ఎక్కువ అలిసిపోయారో చెప్పడం కష్టం.

జలపాతం చప్పుడు వినపడుతున్న చోట ఒక చెట్టు వేరు మీద కూర్చుండిపోయారు. "నాకు ఇక్కడిదాకానే. తిరిగి ఎక్కాలిగా," అన్నారు. "మీరు వెళ్ళి చూసి రండి."

"నాకూ వద్దండి. మీతోనే ఉంటాను."

"చూసొచ్చి చెబుతారని అడుగుతున్నాను, చిన్నమ్మాయిగారూ."

వెళ్ళాను. చెప్పాలి కాబట్టి, ఎప్పుడూ చూడనంత శ్రద్ధగా చూశాను. తిరిగొచ్చి పక్కన కూర్చున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటే అడిగారు. నీళ్ళు ఒక పాయగా పడుతున్నాయా, రెండుగానా? రెండుగానే, ఎడమది సన్నగా ఉంది. కింద మడుగులో ఆకులున్నాయా? ఉన్నాయి, ఎర్రవి. తేనెపట్టు ఉన్న కొమ్మ? విరిగిపోయిందండి, పట్టు లేదు. "పోయిందా," అన్నారు. తర్వాత "చల్లగా ఉందా అక్కడ?" అని అడిగారు. "మొహాన తుంపర పడుతోందండి," అని చెప్పి, తడిసిన నా చెయ్యి ఆవిడ చెంపకు ఆనించాను.

పైకి రావడానికి సాయంత్రం దాకా పట్టింది. సగం దారిలో నాకు నీరసం వచ్చి కళ్ళు తిరిగాయి. ఆవిడే నా సంచి అడిగారు. నేను ఇవ్వలేదు. ఇద్దరం కలిసి, సంచికి చెరో పట్టీ పట్టుకుని మోసుకొచ్చాం.

ఆ తర్వాత నెలలన్నీ ఇంట్లో ఆక్సిజన్ మిషను పక్కనే. పెద్దాపురంలో ఉండే మా మేనకోడలు, అంటే అన్నయ్యవాళ్ళ అమ్మాయి, వచ్చి ఉండిపోయింది. నేను వీలైన ఆదివారాలు వెళ్ళేదాన్ని. ఒకసారి అన్నయ్య ఆ మిషను మీద అంకెల వైపు చూస్తూ, "చెరువుకైతే నీళ్ళ రంగు చూసి చెప్పగలను, గాలి ఎంత కావాలో," అన్నారు. వదిన విన్నారు. చెయ్యి చాపి ఆయన చొక్కా చేతి బొత్తాం సరిచేశారు.

*

పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, అస్థికలు గోదావరిలో కలపడానికి రాజమండ్రి వెళ్ళాం. రేవులో పనంతా అయ్యాక మేనకోడలు, అల్లుడుగారు పెద్దాపురం వెళ్ళిపోయారు. అన్నయ్య, నేను కారెక్కాం. ఆయన కారు ఇంటివైపు తిప్పలేదు.

"ఆ కొండదారి ఇటే కదమ్మా," అన్నారు.

"అన్నయ్యా, మీరు రాత్రి నుంచి ఏం తినలేదు. పడుకుని ఎన్ని రోజులైందో. ఇంకో రోజు వెళ్దాం."

"పడుకుందామంటే నిద్ర పట్టట్లేదు. ఊరికే పోయొద్దాం."

నాకూ ఒంట్లో శక్తి లేదు. వద్దని వాదించే శక్తి అంతకన్నా లేదు. ఘాట్ రోడ్డు మీద ఆ మలుపు దగ్గర కారు ఆపారు. తోలు చెప్పులతోనే దిగుతానంటే, జారతాయని చెప్పి ఒక కర్ర ఏరి ఇచ్చాను. నేను ముందు, ఆయన వెనక. పాదం ఎక్కడ పెట్టాలో చెబుతుంటే చిన్నపిల్లాడిలా అక్కడే పెట్టారు.

సగం దారి దిగాక, పక్కనుంచి ఒక సన్నటి పాయ వచ్చి బాటకు అడ్డంగా పారుతోంది. కాస్త ఇసుక, ఒక వెడల్పాటి బండ. ఎన్నోసార్లు ఆ పక్కనుంచి వెళ్ళాం గానీ వదిన, నేను ఎప్పుడూ అక్కడ ఆగలేదు. అన్నయ్య ఆగారు.

"ఇంకా ఎంత దూరం?"

"ఇంకో సగం ఉందన్నయ్యా."

"అక్కడికి వెళ్ళి ఏం చేసేవారు మీరు?"

"ఏం చేసేవాళ్ళం కాదు. కూర్చునేవాళ్ళం."

"ఊరికేనా?"

"ఊరికే."

ఆయన తల ఊపారు. "నాకు ఇక్కడ చాలమ్మా," అన్నారు. ఇసుకలో చెప్పులు విడిచి, బండ మీద కూర్చున్నారు. నీళ్ళకేసి చూస్తూ చూస్తూ పక్కకు ఒరిగి, అరచెయ్యి తల కింద పెట్టుకున్నారు. ఏదో అడుగుతారేమోనని చూశాను. ఊపిరి బరువుగా, నెమ్మదిగా పడుతోంది. నిద్రపోయారు.

లేపాలనుకున్నాను. చీకటి పడకముందే ఎక్కాలి. అయినా ఇంకా ఎండ ఉంది కదా అని ఆగాను. కాళ్ళు చాపి ఎదురుగా కూర్చున్నాను. వెదురాకులు ఒకటీ అరా ఆయన తెల్లచొక్కా మీద రాలుతున్నాయి. కొంతసేపటికి ఎక్కడినుంచో పసుపు సీతాకోకచిలుకలు వచ్చాయి. తడి ఇసుక మీద, అన్నయ్య చెప్పుల చుట్టూ గుంపుగా వాలి, రెక్కలు మూసుకుని నీళ్ళు తాగుతూ ఉండిపోయాయి.